ఊరూ పేరూ లేని బంగారు బిస్కెట్లు

సంపాదకుల వారికి నమస్కారములు.

అయ్యా,

ఒడిశాలోని పర్లాఖిమిడి, గుణుపురం, బరంపురం ప్రాంతాల తెలుగు కుటుంబాలలో ఆడపిల్ల పెళ్లికని నగలు ముందుగానే చేయించి పెట్టడానికి బదులు, పంట డబ్బు చేతికి వచ్చినప్పుడల్లా మేలిమి బంగారాన్ని బిస్కెట్లుగా కొని దాచుకునే అలవాటు కనిపిస్తున్నది. నగకు మజూరీ, తరుగు పోతాయి. పైగా పదేళ్ల తరువాత ఆ మోస్తరు నగ పిల్లకు నచ్చుతుందన్న నమ్మకం లేదు. ఈ లెక్కలో తప్పేమీ లేదు. అయితే నగ దగ్గర హాల్‌మార్కు కోసం పట్టి పట్టి చూసేవారే బిస్కెట్టు దగ్గరకు వచ్చేసరికి బరువు, ఆనాటి ధర తప్ప మరేమీ అడగడం లేదు. విత్తనాల సంచీ మీద కంపెనీ పేరు, లాటు నంబరు చూడనిదే ఇంటికి తెచ్చుకోని రైతు, లక్షల విలువైన బంగారాన్ని ఏ రిఫైనరీ (శుద్ధి కర్మాగారం) తయారు చేసిందో తెలుసుకోకుండానే జేబులో వేసుకుంటున్నాడు.

ఇందుకు కొంత కారణం చట్టంలోనే ఉంది. 2021 జూన్ 23న 256 జిల్లాలతో మొదలుపెట్టి నగలకు హాల్‌మార్కింగును విడతలవారీగా తప్పనిసరి చేశారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ అనే గుర్తింపు సంఖ్య ఉన్న హాల్‌మార్కు నగలనే అమ్మాలన్నారు. ఆ సంఖ్యను భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) వారి బీఐఎస్ కేర్ యాప్‌లో వేస్తే నగ వివరాలు ఎవరికైనా కనిపిస్తాయి. కానీ హాల్‌మార్కింగును తప్పనిసరి చేసిన 2020 నాటి ఉత్తర్వే కడ్డీలు, రేకులు, తీగల రూపంలోని బులియన్‌ను, అంటే నగగా మలచని బంగారాన్ని, మినహాయించింది. బీఐఎస్ లైసెన్సు పొందిన రిఫైనరీలు తమ బిస్కెట్లకు ప్రమాణ ముద్ర వేయించుకోవచ్చు గాని, అది వాటి ఇష్టం. కాబట్టి ఇక్కడ కొనుగోలుదారుకు మిగిలిన ఆధారం రిఫైనరీ పేరు ఒక్కటే.

ఆ పేరుకు విలువ ఎక్కడి నుంచి వస్తుందో చెప్పాలి. లండన్ బులియన్ మార్కెట్ అసోసియేషన్ నిర్వహించే గుడ్ డెలివరీ జాబితాలో చేరాలంటే రిఫైనరీ ఆర్థిక స్తోమతను, ఉత్పత్తి సామర్థ్యాన్ని, శుద్ధి పరీక్షలో నైపుణ్యాన్ని, ముడి బంగారం ఎక్కడి నుంచి వస్తున్నదన్న దానిని కూడా తనిఖీ చేస్తారు. హర్యానాలోని ఎంఎంటీసీ-పాంప్, స్విట్జర్లాండ్‌కు చెందిన వాల్‌కాంబి, ఆర్గర్-హెరేయస్ వంటి సంస్థలు ఆ జాబితాకు ఎక్కినవే. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోవాలి: ఆ జాబితా ప్రమాణం సుమారు 400 ఔన్సుల, అంటే పన్నెండున్నర కిలోల పెద్ద కడ్డీలకు సంబంధించినది, మనం కొనే పది గ్రాముల బిళ్లను లండన్‌లో ఎవరూ పరీక్షించరు. మనం నమ్మేది ఆ సంస్థ పరువును.

మంచి రిఫైనరీ బిస్కెట్టును చేతిలోకి తీసుకుంటే సంస్థ ముద్ర, బరువు, 999.9 లేదా 995 అన్న శుద్ధి అంకె, క్రమసంఖ్య స్పష్టంగా ఉంటాయి. దాన్ని మూసి ఉంచిన ప్లాస్టిక్ కార్డు మీద కూడా అదే క్రమసంఖ్య ఉండాలి. కార్డు అంచు ఊడి మళ్లీ అతికించినట్లు కనిపిస్తే ఆ బిస్కెట్టు వద్దనడమే మేలు. 995, 999 రెండింటినీ దుకాణాలలో 24 క్యారెట్లనే అంటారు గాని, వంద గ్రాములకు 0.4 గ్రాము మేలిమి తేడా వస్తుంది. ధర అడిగేటప్పుడే అది ఏ అంకెదో అడగాలి. గీటురాయి పైపూతను మాత్రమే చెబుతుంది. దుకాణాలలో శుద్ధిని కొలిచే క్యారెట్ మీటరు యంత్రమూ లోపలి దాకా చూడలేదు. టంగ్‌స్టన్ అనే లోహం సాంద్రత 19.25, బంగారం సాంద్రత 19.3 కావడంతో, మధ్యలో టంగ్‌స్టన్ పెట్టి పైన బంగారం తొడిగితే తూకమూ పట్టించదు. కోసి కరిగించి చేసే పరీక్షతో నిజం ఖాయంగా తేలుతుంది; సీలు ఉన్న కొత్త బిస్కెట్టును అందుకోసం ఎవరు కోయనిస్తారు?

సరిహద్దు వాసులమైన మనకు మరో చిక్కు ఉంది. విదేశీ ముద్ర ఉన్న బిస్కెట్టు బిల్లు లేకుండా కాస్త చవకగా దొరికిందంటే సంబరపడనక్కరలేదు. దొంగరవాణా సరుకన్న సహేతుకమైన అనుమానంతో అధికారులు దాన్ని స్వాధీనం చేసుకుంటే, 1962 నాటి కస్టమ్స్ చట్టం 123వ సెక్షను ప్రకారం, అది అలా వచ్చినది కాదని రుజువు చేసుకోవలసిన భారం ఎవరి దగ్గర దొరికిందో వారిదే. కడ్డీల మీద బ్యాంకులు అప్పు ఇవ్వవు కూడా. అవసరం పడితే అమ్ముకోవడమే దారి. కచ్చా చీటీ పట్టుకుని వెళ్లినవారికి కొనే షావుకారు కరిగించి చూడాలంటాడు, తరుగు కడతాడు, చివరికి తాను చెప్పిన ధరకే ఇమ్మంటాడు.

ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నంలోనో శ్రీకాకుళంలోనో కొన్నాము గనుక ఒడిశాలో అడిగే దిక్కు ఉండదని చాలామంది వెనుకాడుతున్నారు. అది అపోహ. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, కొనుగోలుదారు తాను నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. జాతీయ సహాయవాణి 1915కు ఫోను చేసి సలహా అడగవచ్చు. దేనికైనా మూడు శాతం జీఎస్‌టీ చూపిన పక్కా బిల్లు చేతిలో ఉండాలి.

కాబట్టి కేంద్ర ప్రభుత్వం బులియన్‌ను కూడా తప్పనిసరి హాల్‌మార్కింగు పరిధిలోకి తేవాలని కోరుతున్నాను. నగకు ఉన్న రక్షణ నగకు మూలమైన ముడి సరుకుకు లేకపోవడం వింతగా ఉంది. అది జరిగే లోపు, అమ్మే ప్రతి బిస్కెట్టు బిల్లు మీద రిఫైనరీ పేరు, శుద్ధి అంకె, క్రమసంఖ్య రాయాలని ఈ ప్రాంత వర్తక సంఘాలు తమ సభ్యులకు చెప్పవచ్చు. దానికి ఏ కొత్త చట్టమూ అక్కరలేదు. బీఐఎస్ భువనేశ్వర్, విశాఖపట్నం కార్యాలయాలు లైసెన్సు ఉన్న రిఫైనరీల జాబితాను ఒడియాతో పాటు తెలుగులోనూ అచ్చు వేయించి, సరిహద్దుకు ఇరువైపులా ఉన్న దుకాణాలలో కౌంటరు దగ్గర కనిపించేలా పెట్టించాలని మీ పత్రిక ద్వారా విన్నవిస్తున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పర్లాఖిమిడి, గజపతి జిల్లా, ఒడిశా