సాయంత్రం వేడి హాట్‌డాగ్ పఫ్‌లు ఇక అమ్మం: కారణాలు, బదులుగా ఇస్తున్నవి

వచ్చే సోమవారం నుంచి మా బేకరీ దుకాణంలో సాయంత్రం పూట వేడి హాట్‌డాగ్ పఫ్‌లు, అంటే మాంసపు సాసేజ్‌ను పఫ్ పిండిలో చుట్టి కాల్చినవి, ఉండవు. విశాఖలో ఎం.వి.పి. కాలనీ రైతుబజారుకు వచ్చి, కూరగాయల సంచితోనే మా మెట్లెక్కి, పిల్లల కోసం నాలుగు కట్టించుకుని వెళ్లేవారు మీలో చాలామంది. అమ్మకం బాగున్న సరుకును ఎందుకు ఆపుతున్నామో మీకు దాచకుండా చెప్పాలి.

మధ్యాహ్నం మూడింటికి కాల్చిన పఫ్‌లను బల్బు వెలుగుతున్న అద్దాల పెట్టెలో పెట్టి రాత్రి తొమ్మిది వరకు అమ్మేవాళ్లం. చేత్తో ముట్టుకుంటే వెచ్చగా ఉండేవి కాబట్టి అంతా సవ్యంగా ఉందనుకున్నాం. మాంసంతో చేసిన వేడి పదార్థాన్ని నిలవ ఉంచాలంటే లోపలి వేడి 60 డిగ్రీలకు పైనే ఉండాలి. అంతకంటే తగ్గి గంటల తరబడి ఉంటే సూక్ష్మజీవులు పెరుగుతాయి. పోయిన నెల ఒక సూది థర్మామీటర్ కొని, సాయంత్రం ఆరున్నరకు ఒక పఫ్‌లో గుచ్చి చూశాను. 43 డిగ్రీలు. మర్నాడూ చూశాను, ఆ తర్వాతి రోజూ చూశాను. ఒక్కసారి కూడా 50 దాటలేదు. ఇన్నేళ్లలో మా పఫ్ తిని జబ్బు చేసిందని ఎవరూ చెప్పలేదు. అయినా ఆ అంకె చూశాక ఆ పెట్టెలోంచి తీసి మా అబ్బాయికి పెట్టడానికి నా చేయి ఆడలేదు. వాడికి పెట్టలేనిది మీ పిల్లలకు అమ్మలేను.

ఎగ్ పఫ్‌లు, కర్రీ పఫ్‌లు కొనసాగుతాయి. వాటిని ఇక రోజుకు మూడు విడతలుగా కాల్చి, రెండు గంటల్లో అమ్ముడుపోనివి తీసేస్తాం. హాట్‌డాగ్ పఫ్‌కు ఇదే పద్ధతి కుదరదు. దాన్ని అడిగేవారు ఎక్కువగా ఏడు దాటాక వస్తారు. రుషికొండ, మధురవాడ ఆఫీసుల నుంచి వచ్చేవారు ఒక వేళకు, స్టీల్‌ప్లాంటు షిఫ్టు దిగి వచ్చేవారు ఒక వేళకు. అందరికీ తాజాగా అందించాలంటే ఓవెన్ రాత్రంతా మండుతూనే ఉండాలి.

ఇంకొక కారణం మన సముద్రం. పఫ్ కరకరలాడాలంటే దాని పొరల్లో తేమ ఉండకూడదు. విశాఖ గాలిలో ఉన్న తేమకు పొద్దున కాల్చిన పఫ్ సాయంత్రానికి మెత్తబడుతుంది. మీరు ఇంటికి తీసుకెళ్లి, హాట్‌ప్యాక్‌లో మూతపెట్టి, పిల్లలు ట్యూషన్ నుంచి వచ్చాక తీసేసరికి అది రొట్టెకూ పఫ్‌కూ మధ్య ఏదోలా ఉంటుంది. "మీ దగ్గర తిన్నట్టు ఇంట్లో ఉండదండీ" అని మీరు అన్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమనేది. పఫ్ రుచి ఓవెన్ నుంచి తీశాక మొదటి అరగంటలోనే ఉంటుంది. ఆ అరగంట మీ ఇంట్లో రావాలంటే కాల్చడం మీ ఇంట్లోనే జరగాలి.

అందుకే ఇకపై రెండు రకాల ప్యాకెట్లు ఇస్తున్నాం. ఒకటి ఆరు పఫ్ షీట్లు, అంటే పొరలు వేసి పరచిన పచ్చి పిండి రేకులు, అరకిలో. రెండోది సాసేజ్ చుట్టి, కాల్చకుండా ఫ్రీజర్‌లో గట్టిపరచిన ఆరు హాట్‌డాగ్ పఫ్‌లు.

ఇందులో కష్టమంతా పొరల్లోనే ఉంది. అది మా పని. తాపేశ్వరం మడతకాజా చేయడం చూసినవారికి వెంటనే అర్థమవుతుంది. పిండిని పలచగా చేసి, మధ్యలో కొవ్వు పెట్టి, మడత మీద మడత వేయడమే. పఫ్‌కు వెన్న దిమ్మను పిండిలో చుట్టి, పరచి, మూడు మడతలు వేస్తాం. చల్లబరచి మళ్లీ పరచి మళ్లీ మూడు మడతలు. ఇలా ఆరుసార్లు చేస్తే లెక్క ప్రకారం 729 పొరలు వస్తాయి. ఓవెన్ వేడికి పిండిలో నీరు ఆవిరై పొరలను పైకి లేపుతుంది, వెన్న వాటిని ఒకదానికొకటి అంటుకోకుండా విడిగా ఉంచుతుంది. పఫ్‌లో సోడా, ఈస్టు ఏమీ లేకుండానే అంత ఎత్తు వచ్చేది అందుకే. మా ఆయన తెల్లవారుజామున నాలుగింటికే ఈ పని మొదలుపెడతారు. ఆ తర్వాతైతే వంటగది వేడికి వెన్న కరిగి పిండిలో కలిసిపోతుంది. కలిసిపోతే పొరలు లేవవు.

వెన్న అన్నాను కదా, దాని గురించి కూడా చెప్పాలి. 2016లో దుకాణం తెరిచినప్పటి నుంచి మేము వాడింది పఫ్ మార్జరిన్, అంటే వెన్నకు బదులుగా నూనెలతో చేసే గట్టి కొవ్వు. చాలా బేకరీలు వాడేది అదే. వేసవిలో కూడా గట్టిగా నిలుస్తుంది, ధర తక్కువ. అది చట్టవిరుద్ధం కాదు. నూనెలు, కొవ్వుల్లో గుండెకు చేటు చేసే ట్రాన్స్ ఫ్యాట్ 2 శాతం మించకూడదన్న నిబంధన 2022 జనవరి నుంచి అమల్లో ఉంది, మేము కొన్నది దానికి లోబడినదే. కానీ ఎండకు కరగనిది నోటిలోనూ త్వరగా కరగదు. తిన్నాక అంగిలికి మైనంలా అంటుకునే ఆ జిడ్డు అదే. ఈ కొత్త ప్యాకెట్లు రెండూ పూర్తిగా వెన్నతో చేసినవి. దుకాణంలో అమ్మే ఎగ్ పఫ్, కర్రీ పఫ్ మాత్రం ప్రస్తుతానికి మార్జరిన్‌తోనే ఉంటాయి. వాటిని కూడా వెన్నకు మారిస్తే 20 రూపాయల పఫ్ 35 అవుతుంది, స్కూలు పిల్లలు కొనలేరు.

షీట్ల ప్యాకెట్ 260 రూపాయలు, హాట్‌డాగ్ పఫ్‌ల ప్యాకెట్ 330. ఎక్కువే. 2025 సెప్టెంబరు 22 నుంచి వెన్న మీద, సాసేజ్‌ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ తగ్గింపును లెక్కలో వేసిన తర్వాతే ఈ ధర వచ్చింది. ఇంతకంటే తగ్గించాలంటే వెన్నలో మార్జరిన్ కలపాలి. అది చేయను.

మే నెలలో షీట్లు ముందుగా తీసుకున్న కొందరికి క్షమాపణ చెప్పాలి. ఇంటికి పంపిన 38 ప్యాకెట్లు ఎండలో దారిలోనే కరిగిపోయాయి. వాటిని మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టి కాల్చినవారికి పఫ్ బదులు గట్టి బిస్కెట్ వచ్చింది. తప్పు తెచ్చిచ్చిన కుర్రాడిది కాదు. మామూలు అట్టపెట్టెలో పంపింది మేము. డబ్బు అందరికీ తిరిగి ఇచ్చాం, ఎవరికైనా అందకపోతే చెప్పండి. ఇకపై ఇంటికి పంపడం లేదు. దుకాణానికి వచ్చి తీసుకోండి. మందపాటి సంచి, మంచు ప్యాకెట్ మేమే ఇస్తాం. అరగంటలో ఫ్రీజర్ చేరాలి.

ఇక ఇంట్లో చేసే పద్ధతి. చుట్టి ఇచ్చిన పఫ్‌లను కరగనివ్వకండి. ఫ్రీజర్ నుంచి నేరుగా ఓవెన్‌లోకే. ఇంటికి రాగానే ఓవెన్‌ను 200 డిగ్రీలకు పెట్టి పదిహేను నిమిషాలు వేడెక్కనివ్వండి. ఈలోగా పిల్లలు కాళ్లూ చేతులూ కడుక్కుంటారు. మధ్య అరలో పెట్టి 25 నుంచి 28 నిమిషాలు. మొదటి పదిహేను నిమిషాలు తలుపు తెరవకండి, పొరలు లేచేది అప్పుడే. పైన రంగు వచ్చిందని తీసేయకుండా ఒకదాన్ని తిప్పి అడుగు చూడండి. అడుగు కూడా గోధుమరంగుకు రావాలి, లోపల సాసేజ్ మధ్యలో పొగలు రావాలి. ఎయిర్ ఫ్రయ్యర్‌లో అయితే 180 డిగ్రీలకు 15 నుంచి 18 నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పాలి. కుక్కర్‌లో ఇసుక పోసి కూడా ప్రయత్నించాం. అడుగు మాడింది, పైన తెల్లగా ఉండిపోయింది. అందులో పెట్టి వెన్న పాడుచేసుకోకండి.

తీశాక పళ్లెంలో కాకుండా జాలీ మీద ఉంచండి. పళ్లెంలో పెడితే కింద ఆవిరి చేరి మెత్తబడుతుంది. హాట్‌ప్యాక్ అసలే వద్దు.

షీట్లు తీసుకున్నవారు ఉదయం ఆఫీసుకు బయలుదేరే ముందు ప్యాకెట్‌ను ఫ్రీజర్ నుంచి కింది అరలోకి మార్చండి. సాయంత్రానికి మడిస్తే విరగనంత మెత్తగా, వెన్న కరగనంత చల్లగా ఉంటుంది. సాసేజ్‌ను పెనం మీద రెండు నిమిషాలు దొర్లించి, పూర్తిగా చల్లారనిచ్చి, గుడ్డతో తుడవండి. వేడిది చుడితే వెన్న అక్కడే కరుగుతుంది, తడిది చుడితే లోపలి పిండి పచ్చిగా మిగిలిపోతుంది. ఇంట్లో పఫ్ కుదరడం లేదన్నవారిని అడిగితే ఎక్కువసార్లు కారణం ఈ రెండింటిలో ఒకటే. షీటును పదునైన కత్తితో పైనుంచి నొక్కి కోయండి, ఈడ్చకండి. ఈడిస్తే అంచుల్లో పొరలు నలిగి అంటుకుపోతాయి. చుట్టి, అతుకు కిందికి పెట్టి, పది నిమిషాలు మళ్లీ ఫ్రిజ్‌లో ఉంచి, పైన గుడ్డుసొనలో చెంచా పాలు కలిపి పూయండి. గుడ్డు తినని ఇళ్లలో పాలు చాలు, రంగు కాస్త తగ్గుతుంది.

మా ఇంట్లో సాసేజ్ కింద పలచగా పండుమిర్చి పచ్చడి రాస్తాను. వెన్నకు, ఆ పులుపు కారానికి ఎంత పొత్తో తిని చూడాలి. పిల్లలకు రాయకుండా రెండు విడిగా చేసి, గుర్తుగా వాటి మీద నువ్వులు చల్లుతాను. శాకాహారులకు నిన్నటి బంగాళదుంప వేపుడు, పనీర్ ముక్కలు బాగుంటాయి. ఉడికించిన కూర పెట్టాలంటే నీరంతా ఇగిరేదాకా వేయించండి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. పుట్టినరోజులకు మేము చేసిచ్చే చిట్టి పఫ్‌లలో సాసేజ్‌ను చక్రాల్లా కోసి పెట్టేవాళ్లం. మే నెలలో ఒక తల్లి ఫోను చేసి, రెండేళ్ల పాపకు ఆ చక్రం గొంతులో అడ్డుపడిందని, వీపు మీద తట్టాక బయటపడిందని చెప్పారు. పాప క్షేమంగా ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గుండ్రంగా, సాగుతూ ఉండే సాసేజ్ ముక్క చిన్నపిల్లల శ్వాసనాళానికి బిరడాలా సరిగ్గా సరిపోతుంది. పిల్లల వైద్యులు దీని గురించి ఎప్పటినుంచో హెచ్చరిస్తున్నారు, మాకే తెలియలేదు. ఆ చక్రాలు మర్నాడే ఆపేశాం. నాలుగేళ్లలోపు పిల్లలకు సాసేజ్‌ను నిలువుగా నాలుగు చీలికలు చేసి, ఆ చీలికలను చిన్న ముక్కలుగా కోసి, కూర్చోబెట్టి పెట్టండి. ఆటల్లో, కారులో, నడుస్తూ తిననివ్వకండి. ఈ మాట ఇకపై ప్రతి ప్యాకెట్ మీద పెద్ద అక్షరాలతో ఉంటుంది.

వారంలో ఎన్నిసార్లు పెట్టవచ్చని కొందరు అడుగుతున్నారు. మా ఇంట్లో వారానికి ఒకసారే, అది కూడా పక్కన కీరా, క్యారట్ ముక్కలతో. సాసేజ్‌లో ఉప్పు ఎక్కువ. సాసేజ్‌లాంటి ప్రాసెస్ చేసిన మాంసాన్ని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చినట్లు 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధన సంస్థ ప్రకటించింది. ఎంత ఎక్కువ తింటే ముప్పు అంత పెరుగుతుందని చెప్పింది. కాబట్టి రోజూ కొనేవారికి రెండో ప్యాకెట్‌గా షీట్లే ఇస్తాను, బంగాళదుంపతో చేసుకోండి. అమ్మకం తగ్గినా ఫరవాలేదు.

శనివారం ఉదయం పది నుంచి పన్నెండు వరకు దుకాణంలోనే ఒక బల్ల వేసి చుట్టడం చూపిస్తాను. పిల్లలను తీసుకురండి, వాళ్ల చేతులతోనే చేయిస్తాను. తమ చేత్తో చుట్టినవి అక్కడే కాల్చి ఇస్తాం, వాటికి డబ్బు తీసుకోం. ఓవెన్‌లో ఒక్కో విడతకు ఇరవై నాలుగే పడతాయి కాబట్టి వచ్చేముందు రోజు దుకాణంలో పేరు రాయించుకోండి.