జానెడు దూరంలో శ్రోత

చిరంజీవి అమ్మాయికి,

నాన్న ఆశీస్సులతో రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం. నువ్వు కట్టుకున్న రెండు పాటలనూ వచ్చే నెల స్టూడియోలో రికార్డు చేయబోతున్నారని తెలిసినప్పటి నుంచి నా ధ్యాసంతా అక్కడే ఉంది. ఫోనులో మాట్లాడితే సగం సంగతులు మరిచిపోతాను. కాగితం మీద పెడితే నీ దగ్గర ఉంటుంది, కావలసినప్పుడు మళ్లీ చూసుకోవచ్చు.

ఇన్నేళ్లుగా నువ్వు వేదికల మీద పాడావు. చివరి వరుసలో కూర్చున్నవారికి కూడా పాట అందాలన్న తపనతో గొంతు విప్పి పాడడం నీకు అలవాటైపోయింది. స్టూడియోలో ఆ చివరి వరుస ఉండదమ్మా. నీ పెదవులకు జానెడు దూరంలో ఒక మైకు ఉంటుంది. రేపు నీ పాట వినే ప్రతి మనిషీ ఆ జానెడు దూరంలోనే ఉంటాడు. 1877లో ఎడిసన్ ఫోనోగ్రాఫును తయారుచేసిన నాటి నుంచి 1925లో విద్యుత్ మైకుల రికార్డింగు వాడుకలోకి వచ్చేదాకా గాయకులు గరాటు లాంటి పెద్ద కొమ్ములోకి బిగ్గరగా పాడవలసి వచ్చేది, ఎందుకంటే మొదట తగరపు రేకు మీదనైనా, తరువాత మైనం మీదనైనా గీత గీసే సూదిని కదిలించాల్సింది ఆ గొంతులోని బలమే. మైకు వచ్చాక గుసగుసకు కూడా రికార్డులో చోటు దొరికింది. నీ రెండో పాటకు కావలసింది ఆ చోటే. కాబట్టి ఈ నెల రోజుల సాధనలో గొంతు పెంచడం కన్నా, మాట్లాడేంత మెల్లగా పాడుతూ కూడా శ్రుతి చెదరకుండా నిలపడం మీద ఎక్కువ సేపు కూర్చో. అది గట్టిగా పాడడం కన్నా కష్టమని నీకే తెలుస్తుంది.

రేపటి నుంచే రోజుకు ఒకసారి ఫోనులో రికార్డు చేసుకో. మొదటి నాలుగు రోజులూ నీ గొంతు నీకు నచ్చదు, అందుకు కంగారుపడవద్దు. మన గొంతు మనకు రెండు దారుల్లో వినిపిస్తుంది: గాలిలోంచి చెవికి, పుర్రె ఎముకల్లోంచి లోపలి చెవికి. ఆ రెండో దారిలో మంద్ర ధ్వనులు బాగా చేరతాయి కనుక మన గొంతు మనకు నిండుగా తోస్తుంది. మైకుకు ఆ రెండో దారి లేదు. ఎదుటివారు ఇన్నాళ్లూ వింటున్నదీ, ఇష్టపడుతున్నదీ ఆ ‘పలుచని’ గొంతునే. స్టూడియోలో మొదటి ప్లేబ్యాక్ విని బెంబేలెత్తిపోయేకంటే, ఆ పరిచయమేదో ఇంట్లోనే అయిపోవడం మంచిది. పాడిన వెంటనే వినవద్దు. మరునాడు పెన్సిలు పట్టుకుని, సాహిత్యం కాగితం ముందు పెట్టుకుని విను. తడబడిన చోట గుర్తు పెట్టు. వారం తిరిగేసరికి గుర్తులన్నీ అవే నాలుగైదు చోట్ల పడుతున్నాయని గమనిస్తావు. సాధన ఆ నాలుగైదు చోట్లకే కావాలి.

నువ్వు పంపిన పల్లవినే ఉదాహరణగా తీసుకుంటాను: ‘భారమంతా పాటగా మారిపోయే వేళలో’. అరచేతిని నోటికి ఎదురుగా పెట్టుకుని ఈ పంక్తిని పలికి చూడు. ‘భా’ దగ్గర, ‘పా’ దగ్గర, ‘పో’ దగ్గర గాలి చేతికి తగులుతుంది. ‘మా’ దగ్గర తగలదు. ఆ గాలి మైకు పొర మీద పడినప్పుడు స్పీకరులో దబ్బుమని మోగుతుంది. మైకుకు బెత్తెడు ముందు గుండ్రటి జాలీ ఒకటి నిలబెడతారు, దాన్ని పాప్ ఫిల్టర్ అంటారు. అది చాలావరకు ఆపుతుంది కానీ, పంక్తి మొదట్లోనే వచ్చే నీ ‘భా’ను పూర్తిగా ఆపలేదు. మహాప్రాణాన్ని మింగి ‘బారమంతా’ అని పాడమని నేను ఎన్నడూ చెప్పను, తెలుగు మాటకు ఆ అన్యాయం చేయవద్దు. ఒత్తు స్పష్టంగా ఉండాలి, గాలి మాత్రం మైకుకు సూటిగా తగలకూడదు. మైకును నోటికి సరిగ్గా ఎదురుగా కాక కాస్త పక్కకు పెట్టమని అడిగితే చాలు. అలాగే శ, ష, స పలికేటప్పుడు ఈల లాంటి కీచు మైకులో మనం అనుకున్నదానికన్నా ఎక్కువగా పడుతుంది. ఆ అక్షరాలను సాగదీయకుండా తేలిగ్గా తాకి వదిలెయ్యి.

ఊపిరి సంగతి ఇంకా ముఖ్యం. ఆ పంక్తిలో ‘మారి’ దగ్గర ఆగి గాలి పీల్చుకుని ‘పోయే’ అని అందుకుంటున్నావు. సభలో అది ఎవరికీ పట్టదు. మైకులో మాట రెండు ముక్కలైపోతుంది. కాగితం మీద ఊపిరి తీసుకునే ప్రతి చోటా ఒక నిలువు గీత గీసుకో. ఆ గీత మాటకూ మాటకూ మధ్యన పడాలి తప్ప మాట నడుమ పడకూడదు. గీత గీసిన చోట తప్ప మరెక్కడా ఊపిరి తీసుకోకుండా పాడడం ఒంటపట్టాలి. ఊపిరి శబ్దం వినపడుతుందేమోనని భయపడకు. పాటలో ఊపిరి పూర్తిగా లేకపోతే మనిషి పాడినట్టు ఉండదు.

పాట వేగాన్ని ముందే అంకెలో తేల్చుకుని వెళ్లు. నిమిషానికి 84 దెబ్బల దగ్గర 4 నిమిషాలు పట్టే పాట 88 దగ్గర దాదాపు 11 సెకన్ల ముందే ముగుస్తుంది. ఆ తేడాలో నీ చరణంలోని సంగతులు ఇరుకునపడతాయో, ఊపిరి పోసుకుంటాయో ఇంట్లోనే చూసుకోవాలి. స్టూడియోలో చెవిలో క్లిక్, అంటే లయ దెబ్బల శబ్దం, కొడుతూనే ఉంటుంది. నీకు ఇష్టమైన పంక్తి రాగానే లయను కాస్త వెనక్కు లాగడం నీ అలవాటు, వినడానికి బాగానే ఉంటుంది కానీ క్లిక్ నీ కోసం ఆగదు. లయ దెబ్బలు వేసే మెట్రోనోమ్‌ను సగం వేగంలో, అంటే 42 మీద పెట్టుకుని సాధన చెయ్యి. నడుమ దెబ్బను నువ్వే మనసులో వేసుకోవాలి కనుక లయ నీ లోపల నిలబడుతుంది. శ్రుతిని కూడా పై స్వరాన్ని ఒక్కసారి అందుకోగలిగానన్న ధీమాతో నిర్ణయించవద్దు. ఆ రోజు ఆ చరణాన్ని పది పన్నెండు సార్లు పాడవలసి వస్తుంది. పదోసారి కూడా హాయిగా అందే శ్రుతే నీ శ్రుతి.

నా మొదటి రికార్డింగు గురించి నీకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. అప్పటికి నాకు పాట నిద్రలో లేపి అడిగినా పాడగలిగేంతగా వచ్చు. హెడ్‌ఫోన్స్ పెట్టుకోగానే వాద్యాలు హోరున వినిపించాయి, నా గొంతు మాత్రం ఎక్కడో గోడ అవతల నుంచి వస్తున్నట్టుంది. అడగాలని నోటిదాకా వచ్చింది. అద్దం అవతల కూర్చున్నవాళ్లు నాకన్నా తెలిసినవాళ్లు, కొత్తవాడిని, పేచీ పెడుతున్నాననుకుంటారేమోనని ఊరుకున్నాను. నా గొంతు నాకు వినపడాలని తెలియకుండానే అరిచాను, శ్రుతి పైకి జారింది, సరిదిద్దుకోబోయి బిగుసుకుపోయాను. పదకొండో టేక్, అంటే పదకొండోసారి పాడి రికార్డు చేసిన తరువాత అవతలి నుంచి, “మీ గొంతు మీకు సరిగ్గా వినిపిస్తోందా?” అని అడిగారు. లేదన్నాను. ఒక్క బొత్తాం తిప్పారు, అంతే. కానీ అప్పటికి నా గొంతు అలిసిపోయింది. ఆ రికార్డింగులో ఆ అలసట ఇప్పటికీ నాకు వినిపిస్తుంది. ఈ ఉత్తరంలో మిగతాదంతా మరిచిపోయినా ఈ ఒక్కటి మరవకు: హెడ్‌ఫోన్స్‌లో ఏది ఎంత వినిపించాలో అడగడం పాడేవారి హక్కు, పనిలో భాగం కూడా.

“నా గొంతు పెంచండి, వాద్యాలు కాస్త తగ్గించండి” అని మామూలుగా చెప్పు. పొడిగా వినిపించి పాడబుద్ధి కాకపోతే కొద్దిగా రివర్బ్, అంటే పెద్ద గదిలో మారుమోగినట్టు వినిపించే ధ్వని, అడుగు. అది నీ చెవికి మాత్రమే, రికార్డులో పడనక్కరలేదు. ఎక్కువైతే శ్రుతి తప్పు కప్పుకుపోతుంది. పాడిన అక్షరం చెవిలో ఆలస్యంగా వినిపిస్తే అది కంప్యూటరులోని జాప్యం. 10, 15 మిల్లీసెకన్లు ఆలస్యమైనా పాడేవారికి ఇబ్బందే, వెంటనే చెప్పు, సరిచేయగలరు. శ్రుతి నిలవడానికి ఒక చెవి ఖాళీగా ఉంచుకోవడం చాలామందికి అలవాటు. నువ్వూ అలా చేస్తే, తీసిన వైపును చెవి వెనక తలకు ఆనించి ఉంచు, లేకపోతే క్లిక్ బయటికి వచ్చి మెల్లని చోట్ల మైకులో పడుతుంది.

ముందు రోజు గొంతుకు పని తగ్గించు, నిద్ర తగ్గించవద్దు. నీళ్లు ముందు రోజు నుంచే తాగుతూ ఉండాలి. తాగిన నీరు స్వరతంత్రులను నేరుగా తాకదు, ఒంటికి పట్టాకే వాటికి తడి అందుతుంది. బయలుదేరే ముందు 20 నిమిషాలు మెల్లగా స్వరాలు పాడుకో. గలగలలాడే గాజులూ వేలాడే జూకాలూ వద్దు, సరసరలాడే బట్టలు అసలే వద్దు. సాహిత్యాన్ని పెద్ద అక్షరాలతో, కాగితానికి ఒక వైపే రాసుకుని, రెండు కాగితాలూ పక్కపక్కన స్టాండు మీద పెట్టుకుంటే తిప్పే పని ఉండదు. స్టాండు కళ్ల ఎత్తులో ఉండాలి. రెండో చరణం చదవడానికి తల వంచావంటే గొంతు రంగు మారిపోతుంది, మైకుకూ నీకూ మధ్య దూరమూ మారుతుంది. మైకుకు దగ్గరైన కొద్దీ గొంతులో బరువు పెరుగుతుంది, దూరమైన కొద్దీ పలుచబడుతుంది. తరువాత ఒక టేక్‌లోని పంక్తినీ మరో టేక్‌లోని పంక్తినీ కలిపి అతికేటప్పుడు ఈ తేడా అతుకులా కనిపిస్తుంది. కాళ్ల దగ్గర నేల మీద చిన్న టేపు ముక్క అంటించమను, ప్రతిసారీ అక్కడే నిలబడు.

లెవెల్ చూసుకోవడానికి పాడమన్నప్పుడు పల్లవి మెల్లగా పాడి ఊరుకోవద్దు, పాటలో అన్నిటికన్నా గట్టిగా వచ్చే చోటు పాడి వినిపించు. డిజిటల్‌లో సున్నా డెసిబెల్స్ దాటిన శబ్దం తెగిపోతుంది, దాన్ని తరువాత బాగుచేయడం కష్టం. మొదట రెండు మూడు సార్లు పాటంతా ఆగకుండా పాడు, తప్పు దొర్లినా ఆపకు. చిన్న తప్పున్న టేక్‌లోనే ఒక్కోసారి మళ్లీ రాని భావం పలుకుతుంది. ఆ తరువాతే ముక్కలు సరిచేయండి. పంచ్ చేసేటప్పుడు, అంటే తప్పిన ముక్కను మాత్రమే మళ్లీ పాడి రికార్డు చేసేటప్పుడు, ముందు పంక్తిని కూడా పాడుతూ లోపలికి రా, అప్పుడే ఊపిరీ బిగువూ కలుస్తాయి. పాట చివర స్వరం ఆగాక మూడు నాలుగు క్షణాలు కదలకు, హమ్మయ్య అనకు. ఆ నిశ్శబ్దమూ పాటలోదే.

వాద్యాల ట్రాక్‌ను శబ్దాన్ని కుదించే ఎంపీ3లో కాక, కుదించని వేవ్ ఫైలుగా ఇవ్వమని వాద్యాలు చేసిన అబ్బాయికి చెప్పు. శబ్దాన్ని సెకనుకు ఎన్నిసార్లు కొలిచి నమోదు చేయాలో చెప్పే అంకె 44.1 కిలోహెర్ట్జా, 48 కిలోహెర్ట్జా అన్నది స్టూడియోవారిని ముందే అడిగి అదే పంపించు. బయటికి వచ్చేముందు నీ గొంతు ట్రాకులన్నీ ఒక డ్రైవ్‌లో తెచ్చుకో.

ఆ పల్లవిలో నిలువు గీత ఎక్కడ గీసుకున్నావో తిరుగు టపాలో రాయి. ‘పాటగా’ తరువాత గీస్తే బాగుంటుందని నాకు అనిపిస్తోంది కానీ, పాట కట్టింది నువ్వు. పాడి చూసి చెప్పు.

ఆశీస్సులతో,
నాన్న