నల్లబెల్లం పంపుతున్నా, అమ్మణ్ణీ

అమ్మణ్ణీ,

ఆదివారం ఫోన్లో నువ్వన్న మాట ఇంకా నా చెవిలోనే ఉంది. "రూములో ఆ అమ్మాయి శనివారం ఒక్కపొద్దు ఉంటుంది, పొద్దున్నే పూజ చేస్తుంది. తన పక్కన మోకరించాలంటే నాకు మనసొప్పడం లేదు నాయనా" అన్నావు. అప్పుడు ఏమీ చెప్పలేకపోయాను. మీ అమ్మకు తప్ప ఎవరికీ తెలియని సంగతి ఒకటి చెప్పాలి. అది ఫోన్లో అయ్యేది కాదు.

నువ్వు ఏడో తరగతిలో ఉన్నప్పుడు మన బెల్లానికి మండీలో ధర పలకలేదు. నల్లగా ఉందని పక్కకు నెట్టేవాళ్లు. పచ్చగా మెరిసే దిమ్మెలకే రేటు. ఆ ఏడు నేనూ పాకంలో హైడ్రోస్ కలిపాను. రంగు పోగొట్టే మందు అది. మడ్డి సరిగ్గా తీయకపోయినా బెల్లం బంగారంలా కనిపిస్తుంది. మన ఇంటికి మాత్రం మందు వేయని దిమ్మెలు వేరుగా తీసిపెట్టాను. డబ్బు చేతికొచ్చిన ఆదివారమే చర్చిలో లేచి, దేవుడు నా పంటను దీవించాడని సాక్ష్యం చెప్పాను.

పక్క గానుగ ఆయన తాగుతాడు, చర్చి మొహం చూడడు. ఆయన్ని నేను మనిషిగా కూడా లెక్కపెట్టేవాణ్ణి కాదు. ఆయన బెల్లం ఆ ఏడు కూడా నల్లగానే ఉండింది, తల్లీ.

కొన్ని వారాలకు పాస్టరుగారు బైబిల్లో నాతాను ప్రవక్త సంగతి చదివారు. దావీదు రాజు ఇంకొకడి భార్యను తీసుకున్నాడు, అప్పుడు నాతాను వచ్చి ఆయనకు ఒక కథ చెప్పాడు. పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను ధనవంతుడు లాక్కున్నాడని వినగానే దావీదుకు ఎంత కోపమొచ్చిందో! వాడు చావవలసిందే అన్నాడు. "ఆ మనిషివి నీవే" అన్నాడు నాతాను. నేను తల ఎత్తలేకపోయాను. ఎదుటివాడి తప్పు దగ్గర దావీదు చూపు ఎంత చురుకో చూడు. తన లోపలికి మాత్రం ఆ చూపు పోలేదు. ఆ తర్వాతే 51వ కీర్తనలో "దేవా, నాయందు శుద్ధహృదయము కలుగజేయుము" అని ఏడ్చాడు. కడుక్కుంటాను అనలేదు, కలుగజేయమన్నాడు. అది తన చేతిలో పని కాదని తెలిసింది ఆయనకు.

నువ్వు చిన్నప్పుడు పొయ్యి దగ్గర కూర్చుని అడిగేదానివి, ఇంత తీసినా మడ్డి ఇంకా ఎక్కడినుంచి వస్తుంది అని. అది రసంలోనే ఉంటుందమ్మా. మంట తగిలితే పైకి తేలుతుంది. ఆ అమ్మాయి నీలోకి ఏ మురికీ తీసుకురాలేదు. లోపల ఉన్నదే పైకొచ్చింది. నాకూ అలాగే వచ్చింది. హృదయశుద్ధి గలవారు దేవుని చూస్తారని ప్రభువు అన్నాడు కదా, మరి పక్క మంచం మీద మనిషినే చూడలేని కళ్లతో ఎలా చూస్తాం?

నీ విశ్వాసం వదులుకోమనడం లేదు. ఆ అమ్మాయి పక్కనే మోకరించు. ముందు ఆమె పేరు పెట్టి ప్రార్థించు.

శుక్రవారం తిరుపతి బస్సుకు రెండు దిమ్మెలు వేస్తున్నా. నల్లగా ఉంటాయి, మందు లేదు. ఒకటి ఆ అమ్మాయికి ఇవ్వు. శనివారం ఒక్కపొద్దు విడిచాక తింటుంది.

మీ నాయన