పర్యావరణ మంత్రి గారూ, మా డాబా మీది నల్లపొడికి ఇంకెంత స్టడీ కావాలి?

మంత్రి గారికి నమస్కారం.

సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చిన అర్జీలకు రసీదులే గానీ జవాబులు రాలేదు. అందుకే ఇలా అందరి ముందూ రాయాల్సి వచ్చింది. రూల్సు మీకు నేను చెప్పక్కర్లేదు.

విశాఖ పాతనగరంలో మా వీధి సంగతే చెప్తాను. పొద్దున్న కడిగిన డాబా మధ్యాహ్నానికి నల్లబడుతుంది. అరికాళ్ల నిండా మసి. వడియాలు పెట్టడం మా ఆవిడ ఎప్పుడో మానేసింది. పిల్లల తెల్ల యూనిఫాం ఫ్యాన్ కిందే ఆరాలి. బొగ్గు గుట్టల మీంచి గాలి మావైపు తిరిగిందంటే నాన్నగారికి దగ్గు మొదలు, ఇన్‌హేలర్ తలగడ పక్కనే ఉండాలి. కిటికీ రెక్క మీద వేలితో పేరు రాయొచ్చు. మీరొస్తే మీ పేరే రాసి చూపిస్తాం.

చూడ్డానికొచ్చిన అధికారి ఏమన్నారో తెలుసా? "ఇది బొగ్గు పొడో, లారీల దుమ్మో తేలాలండీ. స్టడీ చేయించాలి." తేలేదాకా మేం పీలుస్తూ ఉండాలన్నమాట! 1992లో రియోలో జరిగిన పర్యావరణ సదస్సులో మన దేశమూ ఒప్పుకున్న ప్రకటనలో 15వ సూత్రం ఈ సాకు గురించే కదా సార్. తీవ్రమైన లేదా కోలుకోలేని నష్టం ముంచుకొచ్చే చోట, శాస్త్రీయంగా పూర్తిగా తేలలేదంటూ నివారణ చర్యలు వాయిదా వేయకూడదు. ఇదీ, కాలుష్యం చేసినవాడే ఖర్చు భరించాలన్నదీ మన చట్టంలో భాగమేనని 1996లో వెల్లూరు తోళ్ల పరిశ్రమల కేసులో సుప్రీంకోర్టు చెప్పేసింది. పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్‌కి 2010లో చేసిన చట్టంలోనూ ఉంది. ఇంకా ఎవరు చెప్పాలి?

వాతావరణ సదస్సుల్లో మనవాళ్లు గట్టిగానే మాట్లాడతారు. ఎక్కువ పాడుచేసిన ధనిక దేశాలే ఎక్కువ భారం మోయాలంటారు. న్యాయమే, నేనూ చప్పట్లు కొడతాను. మన ఊళ్లో మాత్రం పొడి బొగ్గు గుట్టలవాళ్లది, మందుల బిల్లు మాది.

2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ అనే రసాయనం ఆవిరికి జనం ఎక్కడివాళ్లక్కడ పడిపోయిన ఊరండీ ఇది. ఇక్కడ కూడా ముందుజాగ్రత్త కోసం బతిమాలుకోవాలా?

గాలి రీడింగులు అడిగితే "పైవాళ్లని అడగండి" అంటున్నారు. పైవాళ్లంటే మీరే కదా, అడుగుతున్నాను. బొగ్గు గుట్టలకు షెడ్లు వేయించండి. లారీలకు టార్పాలిన్ సరిగ్గా కట్టించండి. రీడింగులు మా వీధి మొదట్లో బోర్డు పెట్టి రాయించండి. దయచేసి ఏదో ఒకటి చేయండి. స్టడీ కూడా చేయించుకోండి, వద్దనం. ఆ ఖర్చూ, నాన్నగారి మందుల ఖర్చూ పొడి ఎవరిదో వాళ్ల దగ్గరే వసూలు చేయండి.

ఇట్లు,
పాతనగరం వాసి, విశాఖపట్నం