సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పించు వార్షిక నివేదిక

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, ఈ సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన సభ్యులందరికీ నమస్కారాలు. గత సమావేశం నుండి నేటి వరకు మన అక్వేరియం సంఘం చేపట్టిన పనుల వివరాలను నియమావళి ప్రకారం మీ ముందుంచుతున్నాను. నెలవారీ సమావేశాలు చాలావరకు సకాలంలోనే జరిగాయి. జరగనివి కోరం లేక వాయిదా పడ్డాయి. రానివారెవరో హాజరుపట్టీ చూస్తే తెలుస్తుంది.

సంఘం ఆశయాలను ఇక్కడ మళ్లీ ఏకరువు పెట్టనవసరం లేదు. అయితే కొత్తగా చేరేవారిలో చాలామంది, నీటి మొక్కలకు కార్బన్ డయాక్సైడ్ అందించే సిలిండరు, ఖరీదైన లైట్లు, ప్యాకెట్లలో వచ్చే ప్రత్యేకమైన మట్టి లేనిదే మొక్కల అక్వేరియం పెట్టడం కుదరదని ఎవరో చెప్పగా విని, మొదలుపెట్టకముందే వెనుకంజ వేయడం ఏటా చూస్తున్నాం. అందువల్ల ఈ ఏడు శక్తినంతా ఒకే పనిపై పెట్టాలని కార్యవర్గం తీర్మానించింది. అవేవీ లేకుండా, ఇంట్లో ఉన్నవాటితోనూ సభ్యులు పంచుకున్నవాటితోనూ ఒక మొక్కల తొట్టిని అందరి ఎదుటా కట్టి, ఏడాది పొడుగునా నడిపి చూపడమే ఆ పని. అది నేటికీ గ్రంథాలయ హాలులో పచ్చగా ఉన్నదని మనవి చేయడానికి ఎంతో గర్విస్తున్నాను.

తొట్టి 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు గలది. కారుతున్నదని అటక మీద పడేసిన దానిని ఒక సీనియర్ సభ్యులు ఉచితంగా ఇచ్చారు. ఉపాధ్యక్షురాలు గారు గాజు పలకలను అతికే పాత సిలికాన్ జిగురును మూలమూలనా బ్లేడుతో గీకి, కొత్త సిలికాన్ పట్టించి, పూర్తిగా ఆరనిచ్చి, నీళ్లు నింపి, కింద పాత దినపత్రిక పరచి తడి తగులుతున్నదేమో రోజూ చూశారు. ఇందులో నిండా 54 లీటర్లు పడతాయి. గాజు, మట్టి, రాళ్లు కలిపితే బరువు 70 కిలోలకు చేరుతుంది. గోడవారన ఉన్న తేలికపాటి మేజా చాలని కొందరన్నా, గట్టి బల్ల కావాలని మేము పట్టుబట్టింది ఇందుకే.

ప్రదర్శన నాడు ఎక్కువసేపు పట్టింది మట్టి దగ్గరే. ఎరువు గానీ పురుగుమందు గానీ తగలని తోటమట్టిని ఎండబెట్టి, జల్లెడపట్టి, పుల్లలూ వేర్లూ ఏరివేసి, తడిపి, రెండున్నర సెంటీమీటర్ల మందాన పరిచాం. దానిపై కడిగిన ఇసుకను మూడు సెంటీమీటర్లు కప్పాం. మట్టిలో పశువుల ఎరువు ఉంటే అది కుళ్లి నీటిలోకి చేపలకు విషమైన అమ్మోనియా వదులుతుంది. పొర మరీ మందమైతే లోపలికి ప్రాణవాయువు అందక, కుళ్లిన కోడిగుడ్డు కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. ఒక సభ్యులు తెచ్చిన అందమైన తెల్ల కంకరపై నాలుగు చుక్కల వెనిగర్ వేయగానే బుసబుసమని నురగ లేచింది. అందులో సున్నం ఉన్నదనీ, అది కరిగి నీటి కఠినత్వాన్ని పెంచుతుందనీ వివరించి దానిని పక్కన పెట్టాం. వారు కొంత నొచ్చుకున్నా, ఆ నురగ చూశాక హాలులో ఎవరికీ సందేహం మిగల్లేదు. నీళ్లను ఇసుకపై పెట్టిన పళ్లెంలోకి సన్నధారగా పోయడంతో మట్టి పైకి లేవలేదు.

మొక్కలన్నీ సభ్యుల తొట్లలో కత్తిరించగా వచ్చినవే. వాలిస్నేరియా, హైగ్రోఫిలా, క్రిప్టోకొరైన్‌లను ఇసుకలో గుచ్చాం. అనూబియస్, జావా ఫెర్న్‌లను మాత్రం నూలుదారంతో రాళ్లకు కట్టాం. అల్లం కొమ్ములా అడ్డంగా పెరిగే వాటి కాండాన్ని ఇసుకలో పూడిస్తే కుళ్లిపోతుంది. మొదటి వారాల్లో క్రిప్టోకొరైన్ ఆకులు కరిగి జారిపోగా, మొక్క చచ్చిందంటూ ఫోన్ల మీద ఫోన్లు వచ్చాయి. చోటు మారినప్పుడు అది ఆకులు రాల్చి, వేరు నుండి మళ్లీ చిగురించడం దాని స్వభావం. పీకి పారేయవద్దని అడ్డుపడిన సభ్యురాలికి ప్రత్యేక ధన్యవాదాలు.

సిలిండరు విషయం మళ్లీ మళ్లీ అడుగుతున్నారు కనుక ఒకసారి రాతపూర్వకంగా చెబుతున్నాను. గాలితో సమతూకంలో ఉన్న నీటిలో, 25 డిగ్రీల వద్ద, లీటరుకు సుమారు 0.6 మిల్లీగ్రాముల కార్బన్ డయాక్సైడ్ మాత్రమే ఉంటుంది. సిలిండరు పెట్టినవారు దానిని 20 నుండి 30 మిల్లీగ్రాముల దాకా తీసుకుపోతారు. చేపల శ్వాస, మట్టిలో కుళ్లే పదార్థం మరికొంత ఇచ్చినా, అంత తక్కువ వాయువుతో బతకాలంటే నిదానంగా పెరిగే మొక్కలూ, మితమైన వెలుతురూ ఉండాలి. వెలుతురు ఎక్కువై వాయువు చాలకపోతే ఆ లాభం మొక్కలకు గాక నాచుకు పోతుంది. అందువల్ల పగటి వెలుతురులా తెల్లగా వెలిగే మామూలు 6500 కెల్విన్ ఎల్ఈడీ దీపాన్ని రోజుకు ఏడెనిమిది గంటలకు మించి వెలిగించలేదు. తొలి వారాల్లో అద్దాలకు పట్టిన గోధుమరంగు డయాటమ్ (సూక్ష్మమైన నాచు) పొరను పాత గుడ్డతో తుడిచాం; కొంతకాలానికి అదే తగ్గిపోయింది. ఆకులు గాలిలో ఉంచి వేర్లు మాత్రం నీటిలోకి వేలాడదీసిన మనీప్లాంట్ తీగకు కార్బన్ డయాక్సైడ్ గాలి నుండే అందుతుంది కనుక, అది వ్యర్థాల నుండి నీటిలో చేరే నైట్రేట్‌ను జోరుగా లాగేసుకుంటున్నది. నా దృష్టిలో ఈ ఏడు అత్యంత చవకైన పరికరం అదే.

ప్రారంభోత్సవం నాడే చేపలు వదలాలని వచ్చిన ఒత్తిడి అంతా ఇంతా కాదు. ఫొటో బాగా వస్తుందన్నది వాదన. చేపల వ్యర్థాల నుండి వచ్చే అమ్మోనియాను నైట్రైట్‌గా, దానిని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా నిలదొక్కుకోవడానికి సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. మొక్కలు దట్టంగా ఉంటే అవి కొంత భారం మోస్తాయి గానీ, అమ్మోనియా, నైట్రైట్ పరీక్షలు రెండూ సున్నా చూపేవరకు అధ్యక్షుల వారు అనుమతించలేదు. ఆ తరువాతే గప్పీలనే చిన్న చేపలను కొద్దికొద్దిగా వదిలాం. వడపోతకు ఎయిర్ పంపుతో నడిచే స్పాంజ్ ఫిల్టరు ఒక్కటే ఉన్నది. కుళాయి నీటిలోని క్లోరిన్ ఆ బ్యాక్టీరియాను చంపుతుంది కనుక, స్పాంజ్‌ను కుళాయి కింద కాక, తొట్టి నుండి తీసిన నీటిలోనే పిండాలి. కుళాయి నీటిని ఒక రోజు నిలవబెడితే క్లోరిన్ చాలావరకు పోతుంది గానీ, క్లోరిన్, అమ్మోనియాల సమ్మేళనమైన క్లోరమిన్ పోదు. అది కలిపే చోట విరుగుడు మందు తప్పనిసరి.

ఇక చెప్పక తప్పని సంగతి. తొట్టి నిర్వహణకు పేర్లు ఇచ్చినవారితో ఒక పేజీ నిండింది. దీపం వేయడానికి, ఆవిరైన నీటిని భర్తీ చేయడానికి, ఎండుటాకులు తీయడానికి వంతులు వేసి పట్టిక గోడకు అంటించాం. నెల తిరిగేసరికి వచ్చేవారు వేళ్లమీద లెక్కించదగినంత మందే మిగిలారు. చివరకు దీపానికి టైమర్ కొనవలసి వచ్చింది. పేరు ఇవ్వకపోయినా అది మాత్రం రోజూ వేళకు పనిచేస్తున్నది. హాలు అనుమతి కోసం సంబంధిత కార్యాలయం చుట్టూ తిరిగిన తిరుగుడు వేరే నివేదిక అవుతుంది. ఒక బల్ల వద్ద సంతకమైన కాగితం మరో బల్ల వద్ద కనిపించకపోవడం, ప్రదర్శన ముందురోజు సాయంత్రానికి గానీ అనుమతి చేతికి రాకపోవడం సభ దృష్టికి తెస్తున్నాను. ప్రారంభోత్సవానికి తప్పక వస్తామన్న అధికారులెవరూ రాలేదు.

కత్తిరించిన మొక్కలను గానీ, పెంచలేకపోయిన చేపలను గానీ చెరువుల్లో, కాలువల్లో వదలరాదన్న తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. దక్షిణ అమెరికా నుండి అలంకారానికని తెచ్చిన గుర్రపుడెక్క ఎన్ని దేశాల చెరువులను కమ్మేసిందో సభ్యులకు తెలియనిది కాదు. అదనపు మొక్కలను సంఘానికే ఇవ్వండి, లేదా ఎండబెట్టి పారవేయండి.

జమాఖర్చుల పట్టికను కోశాధికారి గారు జతపరిచారు, తనిఖీ పూర్తయింది, నిల్వ కొద్దిగా మిగిలింది. వివరాలు కావలసినవారు సభానంతరం వారినే అడగవచ్చు. చందా బకాయిలు మాత్రం పేరుకుపోయాయి.

తొట్టి ఇచ్చినవారికి, మట్టి జల్లెడపట్టిన యువ సభ్యులకు, మొక్కలు పంచినవారికి, బల్ల మోసినవారికి, సెలవు రోజుల్లోనూ తాళం తీసిన గ్రంథాలయ సిబ్బందికి, పరీక్షా ద్రావణాలు సమకూర్చిన సభ్యురాలికి, ఫొటోలు తీసినవారికి, కరపత్రం ఉచితంగా అచ్చువేయించిన శ్రేయోభిలాషికి, అన్నింటా వెన్నుదన్నుగా నిలిచిన అధ్యక్షులకు సంఘం తరఫున కృతజ్ఞతలు.

వచ్చే ఏడు ఇదే పద్ధతిలో ఆసక్తిగల పాఠశాలల్లో తొట్లు పెట్టాలని కార్యవర్గం ప్రతిపాదిస్తున్నది. వంతుల పట్టికలో పేరు ఇచ్చి వరుసగా మూడుసార్లు రానివారి స్థానంలో వేరొకరిని నియమించే అధికారం కార్యదర్శికి ఇవ్వాలని కూడా కోరుతూ, ఈ నివేదికను సభ ఆమోదానికి ప్రవేశపెడుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి