సూరిగాడికి, గేర్‌బాక్స్ కబుర్లు

ఒరేయ్ సూరీ,

జవాబు ఆలస్యమైందని తిట్టుకుంటూ ఉంటావు. తప్పు నాది కాదు, ట్రక్కుది. మూడో గేరు నిలవడం లేదురా. ఎక్సలరేటర్ మీంచి కాలు తీస్తే చాలు, టక్కున న్యూట్రల్‌లోకి దూకేస్తోంది. మొన్న బరువుతో దిగుడు దిగుతూ ఒక చేత్తో స్టీరింగు, రెండో చేత్తో గేర్ రాడ్డు అదిమి పట్టుకుని వచ్చాను. ఇంటికొచ్చి ఆయిల్ వంపితే ఇత్తడి పొడి, దాంతోపాటు ఒక గేరు పంటి ముక్క! 1978 నాటి షెవ్రొలే కె20 అది. ఇన్నేళ్లు మోసిన గేర్‌బాక్స్‌ని ఇక ఏమనగలను?

"ఆటోమేటిక్ వేసేయ్, పీడ పోతుంది" అని రాశావు కదా. నవ్వొచ్చింది గానీ కాగితం తీసి లెక్క వేశాను. ఇప్పుడున్న మాన్యువల్ గేర్‌బాక్స్ ఎస్ఎం465లో మొదటి గేరు నిష్పత్తి 6.55. ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకు బలం పంచే పెట్టె) ఎన్‌పీ205, లో రేంజిలో, అంటే నెమ్మది గేరులో, 1.96. యాక్సిల్ 4.10. మూడూ గుణిస్తే దాదాపు 53. అంటే ఇంజిన్ 53 సార్లు తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతుంది. అందుకే రాళ్లలో బ్రేకు తొక్కకుండా అవ్వలా నడుస్తుంది. మొదటి గేరుని గ్రానీ గేరు అనడం ఊరికే కాదు. అదే టీహెచ్400 ఆటోమేటిక్ వేస్తే 2.48తో లెక్క 20కి పడిపోతుంది, ఇంకో ఆటోమేటిక్ 700ఆర్4 అయితే 25. టార్క్ కన్వర్టర్ (ఆటోమేటిక్‌లో క్లచ్ బదులు ఉండేది) బండి కదిలేటప్పుడు కొంత బలం కలుపుతుందనుకో, ఒప్పుకుంటాను. కానీ దిగుడులో బండిని వెనక్కి లాగి పట్టుకునే పని అది చేయదు. నాకు భయం వేసేది ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడే. పైగా 700ఆర్4లో టీవీ కేబుల్ (థ్రాటిల్ నుంచి గేర్‌బాక్స్‌కి వెళ్లే తీగ) సరిగ్గా సెట్ కాకపోతే లోపలి క్లచ్‌లు మాడిపోతాయి. ఆ టెన్షన్ నాకెందుకు?

మరి ఉన్నదాన్నే బాగు చేయించవచ్చు కదా అంటావు. అదే మొదట అనుకున్నాను. ఇనుప డొక్క, గట్టి సరుకు. కాకపోతే నాలుగో గేరు 1.00 దగ్గరే ఆగిపోతుంది. 33 అంగుళాల టైర్లతో గంటకు 100 కిలోమీటర్లు పోతే ఇంజిన్ నిమిషానికి 2,600 చుట్లు తిరుగుతుంది. రెండు గంటల ప్రయాణం తర్వాత చెవుల్లో గింగురులే. యాక్సిల్ రేషియో తగ్గిద్దామంటే ముందూ వెనకా రెండూ ఒకేలా మార్చాలి, లేకపోతే గట్టి నేల మీద ఫోర్‌వీల్ వేయగానే లోపల గొడవ మొదలు. అలా మార్చినా కొండల్లో బలం తగ్గుతుంది.

తిరిగి తిరిగి ఎన్‌వీ4500 అనే మాన్యువల్ గేర్‌బాక్స్ దగ్గర ఆగాను. అయిదు గేర్లు, ఇదీ ఇనుప డొక్కే. మొదటిది 5.61, అయిదోది 0.73. నా లెక్క 53 నుంచి 45కి దిగుతుంది, దాంతో నాకు ఇబ్బంది లేదు. హైవే మీద మాత్రం 2,600 కాస్తా 1,900 అవుతుంది! డాడ్జ్ ట్రక్కుల్లో వచ్చినవాటికి అయిదో గేరు నట్టు వదులవుతుందని తెలిసిందే కదా, అందుకని షెవ్రొలే రకమే వెతికాను.

వెతకడంలో ఒకసారి మోసపోబోయాను. ఒకాయన "ఫోర్‌వీల్ బండిలోదే సార్" అని ఒట్టేశాడు. టార్చి వేసి చూస్తే వెనక పొడుగు తోక! వెనక రెండు చక్రాలకే బలం వెళ్లే ట్రక్కుది. దాన్ని మార్చాలంటే లోపలి మెయిన్ షాఫ్టే తీసి వేరేది వేయాలి. ఇంకొకాయన ట్రాన్స్‌ఫర్ కేసుతో జతగా ఇస్తానన్నాడు, సంబరపడ్డాను. తీరా చూస్తే అది 1988 తర్వాతి బండిది. వాటికి ముందు షాఫ్టు ఎడమవైపు వస్తుంది, నా ముందు డిఫరెన్షియల్ ఏమో కుడివైపు. బిగించాక తెలిసి ఉంటే నా మొహం చూడాల్సింది!

చివరికి గేర్‌బాక్స్ ఒక్కటే తీసుకున్నాను, నా ఎన్‌పీ205నే ఉంచుతున్నాను. రెండింటి స్ప్లైన్లు (షాఫ్టు మీది గాట్లు) కలవవు కాబట్టి మధ్యలో అడాప్టర్ కావాలి. అసలు ఖర్చంతా ఈ చిల్లర పనుల్లోనే ఉందిరా: క్రాస్‌మెంబర్ (గేర్‌బాక్స్‌ని కింద మోసే అడ్డ కమ్మీ) జరపాలి, రెండు డ్రైవ్‌షాఫ్టులూ కొలిచి కొత్త పొడవుకి చేయించాలి, క్యాబిన్ నేలలో గేర్ రాడ్డు కన్నం మార్చాలి. ఆయిల్ కూడా జీఎల్-4 రకమే పోయాలి, గేర్లు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగుల కోసం. అలవాటు కొద్దీ డిఫరెన్షియల్ ఆయిల్ డబ్బా తీస్తానేమోనని గోడ మీద సుద్దతో రాసుకున్నాను.

నువ్వు రావాలి. ఆ గేర్‌బాక్స్ దాదాపు 90 కిలోలు, నా నడుము సంగతి నీకు తెలుసు. వస్తూ నీ డయల్ గేజ్ పట్టుకురా. బెల్‌హౌసింగ్ (ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉండే డొక్క) మధ్య కన్నం 0.005 అంగుళం లోపే అటూ ఇటూ ఉండాలి, నా గేజ్‌లో ముల్లు ఇరుక్కుపోయింది. ఆటోమేటిక్ గొడవ మాత్రం మళ్లీ ఎత్తకు, ఎత్తితే జాక్ కింద నిన్నే పడుకోబెడతాను.

నీ
రవిగాడు