చెల్లి దగ్గర దాచొద్దమ్మా

టోక్యో

అమ్మకు,

నానమ్మ ఆపరేషన్ బాగా జరిగిందని బాపు మెసేజ్ పెట్టాడు. ఇప్పుడు కాస్త నెమ్మదిగా ఉంది. ఆమెను లేపి కూర్చోబెట్టేది నువ్వే కాబట్టి నీ నడుము కూడా చూసుకో. డబ్బులు సోమవారం పంపాను.

ఉత్తరం రాస్తున్నది చెల్లి గురించి. ఫోన్లో ఈ మాట ఎత్తితే "సరే సరే, తిన్నవా" అని మాట మార్చేస్తావు, అందుకే రాస్తున్నా. దాని బాక్సింగ్ పోటీ, ఆ బౌట్ అయ్యేదాకా నానమ్మ పడిపోయిన సంగతి దానికి చెప్పొద్దన్నావు. నాకది సరికాదనిపిస్తోంది.

ఆఫీసుకు పోయే రైల్లోంచి సూయిదోబాషి స్టేషన్ దగ్గర టోక్యో డోమ్ కనిపిస్తుంది, తెల్లగా పెద్ద గుడ్డులా. హెవీవెయిట్ బాక్సింగ్ ప్రపంచ ఛాంపియన్ మైక్ టైసన్ మొదటిసారి ఓడింది అక్కడే, 1990 ఫిబ్రవరి 11న. అమెరికాలో శనివారం రాత్రి టీవీలో రావాలని ఇక్కడ ఆదివారం పగలు పెట్టారు. అప్పటికి 37 ఆడి 37 గెలిచాడు, అందులో 33 నాకౌట్లు. అవతల బస్టర్ డగ్లస్. అతని మీద పందెం ఒకటికి 42. చాలా కేసినోలు ఆ బౌట్ మీద పందేలే తీసుకోలేదట.

టైసన్ మనసు అప్పటికే చెదిరిపోయి ఉంది. చేరదీసి పెంచిన గురువు కస్ డమాటో 1985లో పోయాడు. మేనేజర్ జిమ్ జేకబ్స్ 1988లో పోయాడు. అదే ఏడు ట్రైనర్ కెవిన్ రూనీని తీసేశారు. తర్వాత విడాకులు. టోక్యోలో ప్రాక్టీస్‌లోనే గ్రెగ్ పేజ్ కొట్టిన దెబ్బకు కిందపడ్డాడు. అయినా గట్టిగా అడిగే మనిషి పక్కన లేడు. బౌట్‌లో కన్ను వాస్తే, వాపు నొక్కే ఇనుప పనిముట్టు కూడా వాళ్ల దగ్గర లేదు. రబ్బరు గ్లోవ్‌లో చల్లటి నీళ్లు పోసి అద్దారు!

ఇక డగ్లస్ సంగతి. బౌట్‌కు 23 రోజుల ముందు వాళ్లమ్మ చనిపోయింది. అంతకంటే పెద్ద దెబ్బ ఏముంటుంది? అయినా వచ్చాడు. ఎనిమిదో రౌండ్లో కిందపడి, లేచి, పదో రౌండ్లో టైసన్‌ను పడగొట్టాడు. ఎలా గెలిచావంటే అమ్మ పేరే చెప్పాడు.

దుఃఖం ఉంటే గెలుస్తారని కాదు నేననేది. ఛాంపియన్ అయ్యాక అదే డగ్లస్ ఒళ్లు పెంచుకుని వచ్చి, అక్టోబర్‌లో హోలీఫీల్డ్ చేతిలో మూడో రౌండ్లోనే పడిపోయాడు. కానీ అతనికి తన ఇంటి సంగతి తెలుసు. చెల్లికి మాత్రం మనం తెలియనివ్వట్లేదు. వారం నుంచి నానమ్మ ఫోన్‌కు ఎందుకు రావట్లేదని నన్ను రెండుసార్లు అడిగింది. నేను అబద్ధం చెప్పాను. నమ్మలేదని గొంతులోనే తెలిసింది.

ఈ బౌట్‌లో ఎదురుపడే అమ్మాయి మీద చెల్లి పోయిన ఏడు జడ్జీల ఓట్లలో 3–2తో గట్టెక్కింది. ఈసారి ఆమె ఇంకా గట్టిగా వస్తుంది. దాన్ని నిజంగా చెడగొట్టేవి ఆపాలంటే సన్మానాలు ఆపండి. బరువు చూసుకోవాల్సిన పిల్లకు స్టేజీ మీద స్వీట్లు తినిపించి ఫొటోలు దిగుతున్నారు! ఆ ఫ్లెక్సీ కట్టించిన మామయ్యకు నేను చెబుతాలే. 2022లో నిఖత్ జరీన్ ఇస్తాంబుల్‌లో బాక్సింగ్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ గెలిచినరోజు గ్లోవ్స్ కావాలని ఇది ఏడిస్తే, నానమ్మ కదా పింఛను డబ్బుల్లోంచి కొనిచ్చింది.

ఆదివారం హాస్టల్లో ఫోన్లు ఇస్తారు. నువ్వు చెప్పకు, ఏడుస్తావు. ఫోన్ నానమ్మ చేతికే ఇవ్వు. "కాలు విరిగింది గానీ నోరు బానే ఉంది" అని ఆమే మొదలుపెడుతుంది.

నీ కొడుకు